రంగు వేద్దాం, పగుళ్లు దాచొద్దు

ధామన్కర్ నాకా దగ్గర ఇల్లు అమ్మకానికి పెడితే ఇప్పుడు ముందు ఫోటోలే అడుగుతున్నారు. గుమ్మం ముందున్న పాత బీములు, నూలు బస్తాలు తీసేద్దాం. కిటికీలకు పట్టిన దూది దుమ్ము దులుపుదాం. పొద్దుటి వెలుతురులో ఫోటోలు తీద్దాం. ఇందులో తప్పేమీ లేదు.

కానీ స్లాబు పగుళ్లకు పుట్టీ పూసి, పైన రంగేసి ఫోటో పెడితే అది మోసమే. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున మన నాకా పక్కనే, పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. నిద్రలో ఉన్నవాళ్లు 30 మందికి పైగా పోయారు. మరిచిపోయామా?

పాత బిల్డింగ్ అయితే సొసైటీవాళ్లమంతా కలిసి స్ట్రక్చరల్ ఆడిట్ చేయిద్దాం. ఆ రిపోర్టునూ ఫోటోలతో పాటు పెడదాం. ధర కాస్త తగ్గితే తగ్గనీ. కొనేది ఎక్కువగా మనవాళ్లే. వాళ్ల పిల్లలు పడుకునేది ఆ స్లాబు కిందే.