మట్టి సాక్ష్యాన్ని మాయం కానీయరాదు

రాయపూర్: బస్తర్ ప్రాంతంలోని గాంపూర్ గ్రామస్థులు 2020 మార్చిలో భద్రతా దళాల కాల్పుల్లో మరణించిన ఒక యువకునికి అంత్యక్రియలు జరపలేదు. భౌతిక కాయానికి ఉప్పు, నూనె, మూలికలు పట్టించి, గుడ్డ చుట్టి, గోతిలో భద్రపరచి రెండేళ్ల పాటు కాపాడుకున్నారు. అతడు మావోయిస్టని పోలీసులు, ఇప్పపూలు ఏరుకొనడానికి వెళ్లినవాడని కుటుంబ సభ్యులు చెప్పారు. న్యాయస్థానం మళ్లీ శవపరీక్షకు ఆదేశిస్తుందన్నదే వారి ఆశ. ప్రభుత్వ యంత్రాంగం నిర్వర్తించవలసిన సాక్ష్య పరిరక్షణ బాధ్యతను ఒక ఆదివాసీ పల్లె తలకెత్తుకోవలసి రావడం శోచనీయం.

ఇది ఒక్క పల్లె వ్యథ కాదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో జరిగిన కాల్పుల్లో 17 మంది మరణించారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని జస్టిస్ వి.కె.అగర్వాల్ కమిషన్ తేల్చేసరికి 2019 వచ్చింది. ఏడేళ్లలో సాక్షుల జ్ఞాపకం మసకబారవచ్చు, భయం నోరు నొక్కవచ్చు. అందువల్లనే ఘటనాస్థలిలోని భౌతిక సాక్ష్యానికి అంతటి ప్రాధాన్యం.

ఆ సాక్ష్యాన్ని చదివే విద్య పురావస్తు శాస్త్రం. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలో దాదాపు 8,000 మంది ముస్లిం పురుషులను, బాలురను వధించిన సేనలు, నేరాన్ని కప్పిపుచ్చేందుకు యంత్రాలతో శవాలను తవ్వి వేరే గోతుల్లో పూడ్చాయి. ఒకే మనిషి అస్థికలు రెండు మూడు చోట్ల లభించాయి. మట్టి పొరలు, పుప్పొడి రేణువులు, తూటా గుల్లలు, కళ్లకు కట్టిన గుడ్డ పేలికలను సరిపోల్చి ఏ గోతి నుంచి ఏ గోతికి తరలించారో శాస్త్రజ్ఞులు నిరూపించారు. అంతర్జాతీయ న్యాయస్థానంలో నరమేధ నేరం రుజువు కావడానికి ఆ తవ్వకాలు తోడ్పడ్డాయి.

మన దేశంలో గుణపాఠం అజ్నాలాది. 1857 తిరుగుబాటులో బ్రిటిష్ వారు చంపించిన 282 మంది సిపాయిలవని భావించిన అస్థికలను 2014లో ఆ పంజాబ్ పట్టణంలోని పాడుబడిన బావి నుంచి స్థానికులే వెలికితీశారు. నిపుణుల పర్యవేక్షణ కొరవడి ఎన్నో ఎముకలు విరిగాయి. అవి 1947 నాటి విభజన మృతులవన్న వాదమూ తలెత్తింది. హైదరాబాదులోని సీసీఎంబీ పాలుపంచుకున్న డీఎన్ఏ పరిశోధన 2022లో ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది: వారు పంజాబీలు కారు, గంగా మైదానం వారు. పద్ధతి ప్రకారం తవ్వి ఉంటే ఆ బావి మరెంతో చెప్పి ఉండేది.

శాస్త్రం ఏ పక్షానికీ వకాల్తా పుచ్చుకోదు. శ్రీలంకలోని మన్నార్‌లో 2018లో 300కు పైగా అస్థిపంజరాలు బయటపడగా, అంతర్యుద్ధ మృతులవేనని పలువురు భావించారు. పరీక్షకు పంపిన నమూనాలు శతాబ్దాల నాటివని 2019లో తేలింది. ఆ ఫలితంపై వివాదం చెలరేగినా, కోరుకున్న జవాబే వస్తుందన్న హామీ శాస్త్రంలో ఉండదని రుజువయింది. ఆ నిష్పాక్షికతే బస్తర్‌కు కావాలి. భద్రతా దళాల చేతుల్లో మరణించారంటున్న వారికే కాదు, మావోయిస్టులు ఇన్ఫార్మర్లన్న ముద్ర వేసి చంపిన వారికీ అదే కొలమానం వర్తించాలి. జరిగినదానికి ఏ పేరు పెట్టాలో న్యాయస్థానాలు నిర్ణయిస్తాయి. ముందు ఏమి జరిగిందో తెలియాలి.

ఇందుకు వనరుల కొరత లేదు. రాయపూర్‌లోని పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం ఉంది. ఎయిమ్స్ ఉంది. సిర్పూర్‌లో బౌద్ధ విహారాలను మట్టి పొరల నుంచి ఓపికగా వెలికితీసిన అనుభవం ఈ రాష్ట్రానిది. పూడ్చిన శవాన్ని వెలికితీయించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇస్తున్నది. అయితే ఎవరు తవ్వాలి, ఏ పద్ధతిలో తవ్వాలి అన్నదానిపై కట్టుదిట్టమైన నియమావళి కావాలి. అనుమానాస్పద మరణాల దర్యాప్తుపై 2016లో సవరించిన ఐక్యరాజ్యసమితి మిన్నెసోటా నియమావళిని ఇందుకు ప్రాతిపదికగా తీసుకోవచ్చు. ఆరోపణకు గురైన శాఖకు ప్రమేయం లేని బృందం, న్యాయస్థానం పర్యవేక్షణ, మృతుల బంధువుల సమ్మతి అనే మూడూ తప్పనిసరి కావాలి.

చనిపోయినవారి స్మృతికి రాళ్లు నిలిపే ఆచారం బస్తర్ ఆదివాసులది. రాయి కింద ఎవరున్నారో వారికి తెలుసు. వారెలా చనిపోయారో చెప్పవలసిన బాధ్యత మాత్రం రాజ్యానిది. వేయేళ్ల నాటి విహారం కోసం చూపిన ఓపికలో కొంత, నిన్నటి మనిషి కోసం చూపలేమా?