పసరుకూ పరీక్షకూ మధ్య

పచ్చకామెర్లు వస్తే పసరు తాగించడం మన నెల్లూరు సీమలో ఇంకా పోని అలవాటు. గూడూరు చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా, ఫలానా ఊళ్లో పరగడుపున మందు పోస్తారని దారి చెప్పేవాళ్లు దొరుకుతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. నమ్మినవాళ్లను తప్పుపట్టలేం. కళ్లెదుటే తగ్గింది కదా!

అయితే అన్ని కామెర్లూ ఒకటి కావు. అరవై దాటిన మనిషికి జ్వరమూ నొప్పీ లేకుండానే కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పెట్టి, మలం సున్నం రంగులో పోతుంటే పైత్యరసం దిగే నాళం మూసుకుపోయిందని అనుమానించాలి. అడ్డం పడింది రాయి కావచ్చు. క్లోమం తల దగ్గరో, నాళంలోనో పుట్టిన కణితీ కావచ్చు. పసరుకు కొన్ని వారాలు, పథ్యానికి మరికొన్ని వారాలు గడిచేసరికి, కోసి తీసేయగలిగిన కణితి చెయ్యిదాటిపోవచ్చు. క్లోమం క్యాన్సర్ మనకు గడువు ఇచ్చేదే తక్కువ.

నోటిగుండా గొట్టం పంపి ఆ నాళం దాకా వెళ్లి, అడ్డు ఏమిటో చూసి, ముక్క తీసి, స్టెంట్ పెట్టే విద్యలో ప్రపంచం మెచ్చిన చెయ్యి మన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిది. 1956లో విశాఖపట్నంలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివి, చండీగఢ్ పీజీఐలో జీర్ణకోశ వైద్యం నేర్చుకున్నారు. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని నిలబెట్టారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పొట్ట మీద గాటు పెట్టకుండా జీర్ణాశయం లోపలినుంచే అపెండిక్స్ తీసి చూపించింది ఆయనా, సహచరుడు డాక్టర్ జి.వి. రావూ. విదేశీ వైద్యులు హైదరాబాదు వచ్చి నేర్చుకునే స్థితికి ఈ విద్యను తెచ్చారు. ఒక తెలుగు వైద్యుడి జీవితకాలపు శ్రమ ఇది. దాని ఫలం గూడూరు మనిషికి సకాలంలో అందాలన్నదే మన ఆరాటం.

గొట్టం మింగాలంటే భయం సహజమే. 1957లో అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ వంగే గాజుతంతువుల ఎండోస్కోప్‌ను తయారుచేసి, ముందుగా తానే మింగి చూశారు. అంతకు ముందరి గొట్టాల బాధతో పోలిస్తే ఇవాళ్టి పరీక్ష కొద్ది నిమిషాల పని. జపాన్‌లో జీర్ణాశయ క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకుంటున్నారు. అలా దొరికినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు.

ఇక్కడ మాత్రం కడుపులో మంట అంటే మందుల షాపులో గ్యాస్ బిళ్ల. ఆ బిళ్ల లోపలి పుండును కొన్నాళ్లు మాన్పి, క్యాన్సర్‌ను కూడా మరుగున పెట్టగలదు. మలంలో నెత్తురు పడితే మొలలనుకుంటారు. ఆ మాట ఇంట్లో చెప్పుకోవడానికీ సిగ్గే, ఆడవాళ్లకు మరీ. మొలల మందు వాడుతూ నెలలు గడుస్తాయి. చాలాసార్లు అవి మొలలే కూడా. కానీ పెద్దపేగులో చిన్న పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సుమారు పదేళ్లు పడుతుంది. మనకు అంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఆ పదేళ్లలో ఎప్పుడు చూసినా పాలిప్‌ను అక్కడికక్కడే కత్తిరించి తీసేయవచ్చు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడి క్యాన్సర్ చికిత్సకు దారి చూపింది. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో క్యాన్సర్ ఆస్పత్రి వచ్చింది. గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే అటు తిరుపతి, ఇటు చెన్నై, ఎగువన నెల్లూరు. ఏదీ దూరం కాదు. అయితే జాతీయ కార్యక్రమం కింద ఊరూరా జరిగే పరీక్షలు మూడు క్యాన్సర్లకే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. కడుపూ, పేగూ ఆ జాబితాలో లేవు.

ప్రతి పల్లెకూ ఎండోస్కోప్ పంపమని ఎవరూ అడగడం లేదు. ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త ఫారంలో మరి నాలుగు ప్రశ్నలు చేరిస్తే చాలు: మలం నల్లగా గానీ నెత్తురుతో గానీ పోతోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, మింగుడు పడడం కష్టంగా ఉందా, నొప్పి లేకుండా కళ్లు పచ్చబడ్డాయా. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే చిన్న పరీక్షకు ఆస్పత్రిలో చేరనక్కర్లేదు. యాభై దాటిన మగమనిషికి రక్తం తక్కువైతే, ఐరన్ బిళ్లలు ఇచ్చి పంపేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ పరీక్ష చేయించాలి. తేడా కనిపించినవాళ్లను ఎండోస్కోపీకి పంపి, ఫలితం వచ్చేదాకా వెంట ఉండే బాధ్యతను గూడూరు ఏరియా ఆస్పత్రిలో ఒకరికి అప్పగించాలి.