మన కరపత్రము – దాని మడతలు

గత సాలు మన సంఘము పంట ఋణములను గూర్చి యొక కరపత్రమును అచ్చు వేయించి యింటింటికి పంచినది. కాగితము నున్ననిది, ముఖపుటపై సంఘభవనము బొమ్మ, దాని క్రింద పాలకవర్గమువారి పేళ్లు. గడువులోపల అప్పు చెల్లించినవారికి వడ్డీలో నూటికి 3 రూపాయలు తగ్గునను వాక్యము మాత్రము లోపలి మడతలో చిన్న యక్షరములతో నుండిపోయినది. లక్ష రూపాయల ఋణముపై నది సాలుకు 3,000 రూపాయలు! గడువు మీరిన పిమ్మట వచ్చి "ఈ సంగతి మాకెవరు చెప్పిరి?" అని యడిగిన సభ్యులకు మేము ఆ పత్రమునే చూపితిమి. వారు దానిని విప్పియే యుండలేదు. తప్పు వారిదని మేమనజాలము. విప్పుటకు మేము వారికి కారణమేమియు కల్పింపలేదు గదా.

కావున ఈ సారి పత్రమును వ్రాయుటకు ముందే దాని మడతను నిర్ణయింపవలెనని మా యభిప్రాయము. ఏ-4 కాగితము పొడవు 297 మిల్లీమీటర్లు. రెండు మడతలు వేసినచో 99 మిల్లీమీటర్ల వెడల్పుగల మూడు భాగములగును. ఇరుప్రక్కల గలిసి ఆరు పుటలు. ఉత్తరమును మడచినట్లు లోనికి మడచినయెడల లోపలి భాగమును ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గింపవలెను. లేకున్న నది ముడతపడును. ముందుకొకటి, వెనుకకొకటిగా మడచినచో ఆ చిక్కు లేదు. ఈ రీతి మనకు క్రొత్తదియు గాదు. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడిని పట్టించి, మడతలు మడతలుగా పెట్టి, బలపముతో లెక్కలు వ్రాసికొన్న కడితములు మన పూర్వులు వాడినవే.

ముఖపుటపై బొమ్మ వలదు, పేళ్లు వలదు. "మీ యప్పు గడువు ఏ తేదీ?" అను ప్రశ్న యొక్కటి పెద్ద యక్షరములతో నుండవలెను, దాని క్రింద ఖాళీ గీత. ఆ గీతపై కార్యదర్శి ప్రతి సభ్యుని తేదీని స్వహస్తముతో వ్రాసి యీయవలెను. తన తేదీ యున్న కాగితమును ఏ రైతును శనగలు పొట్లము కట్టుటకీయడు. మొదటి మడత విప్పగానే ఆ 3,000 రూపాయల లెక్క కనబడవలెను.

రెండవ మడతలో వరినాట్ల సంగతి. మడచిన పత్రము పొడవు 21 సెంటీమీటర్లు గనుక దాని యంచుననే 20 సెంటీమీటర్ల కొలబద్ద ముద్రింపవచ్చును. 15 వద్ద నొక యెఱ్ఱగీత. తడిచేతికి కాగితము నిలువదు. గట్టుపై గూర్చుండి ఆ కొలతను ఒక పుల్లపై గీచికొని మడిలోనికి దిగవచ్చును. 20కి 15 చొప్పున నాటిన చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడును. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచినచో గాలి వెలుతురు సోకి సుడిదోమ ఉద్ధృతి తగ్గును. ఆ బాటకును ఈ బద్దయే కొలత. వెనుక ప్రక్క నంతయు గోడకు తగిలించుకొనదగిన పంటకాలపట్టిక.

జపాను శాస్త్రజ్ఞుడు మియూరా కనిపెట్టిన మడత యొకటి కలదు. మూలలు పట్టి లాగినంతనే కాగితమంతయు విచ్చుకొనును. 1995లో అంతరిక్షమునకు పంపిన యొక నౌక సౌరఫలకములను అట్లే మడచిరి. మెచ్చదగినదే గాని, వేయి ప్రతులను చేతితో నట్లు మడచుటకు మన కార్యాలయమున నెవరున్నారు?

సెల్‌ఫోనునకు వార్త పంపిన చాలదా యని కొందరందురు. పంపుడు, కాదనము, కాని వార్తపై వార్త వచ్చి పడుచుండ, నెల గడచిన పిదప దానిని వెదకి చూచువారెందరు?

అచ్చునకు పంపకమునుపు తెల్లకాగితముపై చేతితో నొక నమూనా చేసితిమి. వచ్చు సమావేశమున దానిని మాటలేమియు చెప్పక సభ్యుల చేతికిత్తుము. ఎవరి వ్రేళ్లు ఏ మడతకడ నాగునో చూచి, ఆ మడతను మార్చిన పిమ్మటనే ముద్రాలయమునకు పంపుదుము.