మీథేన్ తగ్గింపు: మడి కంటే ముందు తూము

వ్యవసాయ ఉద్గారాల తగ్గింపు భారాన్ని మనం రైతుపైనే మోపుతున్నాం. ఉత్తర తెలంగాణ విషయంలో ఇది సరికాదు.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద కరీంనగర్ ప్రాంతంలో వరి విస్తారంగా సాగవుతోంది. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ అందని స్థితిలో సూక్ష్మజీవులు మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. వందేళ్ల కాలానికి లెక్కిస్తే దాని భూతాపక ప్రభావం కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు అధికం. దీనికి మనం సూచించే మార్గం తడి-పొడి పద్ధతి: రంధ్రాల గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెం.మీ. దిగువకు చేరాక తిరిగి తడి ఇవ్వాలి; పూత దశలో మాత్రం పలుచగా నీరు నిలపాలి.

అయితే తదుపరి తడి ఎప్పుడో తెలియని చివరి ఆయకట్టు రైతు మడిని ఆరనివ్వడు. బావుల కింద 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు అందుతున్నందున, నీటిని పొదుపు చేసినా రైతుకు ఆర్థిక లాభం లేదు.

కాబట్టి ప్రభుత్వం మూడు పనులు చేపట్టాలి. వారబందీ తేదీలను నాట్లకు ముందే ప్రకటించి, తప్పక పాటించాలి. పంజాబ్ 2018లో ప్రయోగాత్మకంగా ప్రారంభించినట్లు, పొదుపైన విద్యుత్తుకు రైతుకు ప్రోత్సాహకం చెల్లించాలి. ఆదిలాబాద్‌లో పత్తి కట్టెను కాల్చకుండా నేలలో కలిపేందుకు ష్రెడ్డర్లను అద్దెకు అందుబాటులో ఉంచాలి.

మన బాధ్యతా ఉంది. మడి ఆరి తడిసే క్రమంలో నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. యూరియా మోతాదు, సమయం కూడా అక్కడే నేర్పాలి. ప్రదర్శన క్షేత్రమంటే ఒక రైతు పొలం కాదు, ఒక తూము కింది ఆయకట్టు మొత్తం కావాలి.