ఆ కూరకు సొంత పేరు పెట్టండి

మొన్న ఆదివారం నా బిడ్డ నన్ను హైదరాబాద్‌లో ఒక శాకాహార హోటల్‌కు తీసుకుపోయింది. మెనూలో మటన్ రోస్ట్, చికెన్ ఫ్రై, ఫిష్ టిక్కా అని రాసి ఉన్నాయి. దేంట్లోనూ మాంసం లేదు. మటన్ రోస్ట్ చెప్పాం. ముదురు రంగు ముక్కలు, అంచులకు పట్టిన మసాలా, పైన వేయించిన కరివేపాకు. వాసన మా ఇంటి యాటకూర వాసనే. ధనియాలు, లవంగాలు, ఎండుకొబ్బరి వేయించి నూరితే ఇల్లంతా నిండే వాసన అది. ముక్కను వేళ్లతో చీల్చి చూశాను. నారలు నారలుగా విడిపోయింది. నోట్లో పెట్టుకుంటే మొదట బాగానే ఉంది. నాలుగుసార్లు నమిలేసరికి తేడా తెలిసింది. యాట ముక్క నమిలేకొద్దీ రసం ఊరుతుంది. ఇది నమిలేకొద్దీ చప్పబడిపోతున్నది. కారం, ఉప్పు పైపైనే ఆగిపోయాయి.

"ఇది దేంతోటి చేస్తరు తమ్మీ?" అని వడ్డించే పిల్లవాణ్ని అడిగాను. "వెజ్ మటన్ సార్" అన్నాడు. అది కాదు, ఏ పదార్థంతో అని మళ్లీ అడిగితే లోపలికి పోయి వచ్చి, "సోయా అనుకుంట సార్" అన్నాడు. ఆ 'అనుకుంట' అన్న మాట నన్ను ఇంకా వదలలేదు.

మాది కరీంనగర్ వైపు పల్లె. దసరాకు పదిళ్లవాళ్లు కలిసి యాటను కోసి పోగులు పెట్టుకునేవాళ్లు. మోదుగాకులు పరిచి, ప్రతి పోగులో తొడ కొంత, పక్కబొక్కలు కొన్ని, బోటి కాస్త, వేలెడంత కార్జం వేసేవాళ్లు. ఒక పెద్దమనిషి వంగి, ఈ పోగులోంచి తీసి ఆ పోగులో వేస్తూ, అందరూ సరే అనేదాకా సర్దేవాడు. ఇంటికొచ్చాక ఇంకో పంపకం ఉండేది. కార్జం నిప్పుల మీద కాల్చి పిల్లలకు పెట్టేవాళ్లు. మూలుగ బొక్క నాయనకు. అమ్మ పళ్లెంలోకి ఎప్పుడైనా ఒకటి వస్తే అది నా అన్నంలోకి మారేది. నాకు యాటకూర అంటే ఈ పంపకం కూడా. ఆ హోటల్ ప్లేటులో అన్ని ముక్కలూ ఒకటే తీరు. ఏది ఎవరికి వేయాలన్న ఆలోచనకే చోటు లేదు. బొక్క లేని కూరలో నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపించింది అదే.

నీసు తినడం మానాల్సిన అలవాటనీ, ఇలాంటి వంటకాలతో మమ్మల్ని మెల్లగా మార్చాలనీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. నీసు మా పండుగ, మా చుట్టరికం. ఎవరి ముందూ తలవంచుకోవాల్సిన పనిలేదు.

అయితే నా బిడ్డ రెండేళ్ల కిందట నీసు మానేసింది. ఎందుకని అడిగితే, "తినాలనిపిస్తలేదు బాపూ" అన్నది. మళ్లీ అడగలేదు. అప్పటి నుంచి దావత్ అయినా, దసరా అయినా ఆమెకు పప్పు, పచ్చిపులుసే. ఆరోజు హోటల్లో జొన్నరొట్టెతో ప్లేటు అంచున మిగిలిన మసాలా కూడా తుడుచుకు తిన్నది. "ఈ రుచి మర్చిపోతనేమో అనుకున్న" అన్నది. అప్పుడర్థమైంది, ఈ వంట నాకోసం చేసింది కాదు. పుట్టినప్పటి నుంచీ శాకాహారులైనవాళ్ల కోసమూ కాదు, వాళ్లలో చాలామందికి మటన్ అన్న పేరే గిట్టదు. మాంసం వదిలేసినా నాలుక ఇంకా మరవని మనుషుల కోసం ఇది. చైనా బౌద్ధ మఠాల్లో వందల ఏళ్లుగా ఇలాంటి వంటలున్నాయి. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి, పిండిపాలు పోయేదాకా కడిగి, మిగిలిన జిగురుముద్దతో మాంసాన్ని పోలినవి వండుతారు. మాంసానికి అలవాటుపడ్డ అతిథులకూ అక్కడ అవే వడ్డించేవాళ్లు.

మనకూ ఇది కొత్తేమీ కాదు. మా హాస్టల్లో వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర ఉండేది. సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో మిషన్‌లోంచి నెడితే ఉబ్బి ముక్కలవుతుంది. ఎండు ముక్కలు 100 గ్రాములు తీసుకుంటే అందులో సగం దాకా ప్రొటీనే. నానితే బరువు రెండు మూడింతలవుతుంది కాబట్టి వండిన కూరలో ఆ లెక్క తగ్గుతుంది, అయినా బలమైన తిండే. బీ12 మాత్రం విడిగా కలిపితే తప్ప అందులో ఉండదు. మేం దాన్ని మీల్ మేకర్ అనే పిలిచాం, ఆ పేరుతోనే ఇష్టంగా తిన్నాం. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో పనసకాయ బిర్యానీ వడ్డిస్తే పనసకాయ బిర్యానీ అనే అంటారు. బెంగాల్‌లో లేత పనసను ముద్దుగా 'చెట్టు మేక' అంటారు, కానీ దానికి అసలు పేరు కూడా అందరి నోటా ఉంది.

హోటళ్లవాళ్లను నేను అడిగేది ఇంతే. సోయా రోస్ట్ అని రాయండి, పనస ఫ్రై అని రాయండి, గోధుమ జిగురైతే అదే రాయండి. సోయా పడనివాళ్లున్నారు, గోధుమ పడనివాళ్లున్నారు. దేంతో చేశారో తెలియకుండా వాళ్లు ముద్ద ఎట్లా నోట్లో పెట్టుకుంటారు? వడ్డించే పిల్లవాడికి కూడా ఆ సంగతి చెప్పి పంపండి.

ఈ దసరాకు బిడ్డ ఊరికి వస్తున్నది. మీల్ మేకర్‌ను ఉడికించి, గట్టిగా పిండి, ఉప్పు, కారం, పెరుగు పట్టించి గంటసేపు పక్కన పెడితే లోపలిదాకా రుచి దిగుతుందట, ఫోన్‌లో వాళ్లమ్మకు చెప్పింది. మసాలా ఒక్కసారే నూరుతాం. పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కుతాయి. ఆమె గిన్నెకు గంటె వేరేగా తీసి పెట్టమని ఇంట్లో ఇప్పుడే చెప్పాను.