షుగర్ ఉంటే పన్ను పీకిన గాయం మానదా? హార్మోన్ ఇంజెక్షన్లపై పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే..

షుగర్ ఉన్నవాళ్లు పన్ను పీకించుకుంటామంటే ఇంట్లో ముందు వినిపించే మాట ఒకటే. "వద్దు, పుండు మానదు." ఆ భయంతోనే పుచ్చిన పన్నుతో నెలలకు నెలలు గడిపేస్తారు. మా నానమ్మ అయితే ఏడాదికి పైగా లవంగం నొక్కిపెట్టుకునే నెట్టుకొచ్చింది. ఇది ఒకరిద్దరి గొడవ కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్ల మంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీ డయాబెటిస్‌లో ఉన్నారు.

మరి ఆ భయంలో నిజమెంత?

పన్ను తీశాక ఆ గుంటలో రక్తం గడ్డకడుతుంది. గాయానికి అదే కట్టు. కొన్ని వారాల్లో పైన చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి మాత్రం నెలలు పడుతుంది. చాలాకాలంగా షుగర్ కంట్రోల్‌లో లేకపోతే ఈ పని మొత్తం నెమ్మదిస్తుంది. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు చురుగ్గా పనిచేయవు. సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఎముకను కట్టే కణాలు కూడా బలహీనపడతాయి.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇచ్చి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసి, ఆ తర్వాత పన్ను తీస్తారు. ఆ ఎలుకల్లో కొత్త ఎముక ఆలస్యంగా వస్తుంది. ఇన్సులిన్ ఇస్తే పరిస్థితి మెరుగవుతుంది. ఇన్సులిన్ అంటే మనకు షుగర్ తగ్గించే ఇంజెక్షన్‌గానే తెలుసు. నిజానికి అదొక హార్మోన్, ఎముక కణాల మీద కూడా పనిచేస్తుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ ఎలుకకు ఒంట్లో ఇన్సులిన్ దాదాపు లేదు, మందూ లేదు. మన ఇళ్లలో ఉన్నది ఎక్కువగా టైప్-2 షుగర్, రోజూ మాత్ర వేసుకునేవాళ్లు. ఈ రెండూ ఒకటి కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో దంతవైద్యులు కొన్ని వందల మందిని గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. షుగర్ మాత్రలు వాడే టైప్-2 పేషెంట్లకు, షుగర్ లేనివాళ్లకు మధ్య గాయం మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2019లో ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లను చూసినప్పుడూ దాదాపు అదే తేలింది. అంటే షుగర్ ఉండటం కంటే, అది ఎంత కంట్రోల్‌లో ఉందన్నదే ముఖ్యం. ఒక రోజు రీడింగ్ చూసి ఊరుకోకూడదు. సుమారు 3 నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు డాక్టర్‌కు చూపించాలి.

ఇంకో హార్మోన్ పేరు కూడా ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. టెరీపారటైడ్. పారాథైరాయిడ్ హార్మోన్‌లో ఒక ముక్క లాంటిది. ఎముకలు గుల్లబారే జబ్బుకు అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది. దీని కథ కాస్త విచిత్రం. ఆ హార్మోన్ ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. రోజుకో చిన్న డోసు చొప్పున ఇస్తే ఎముక పెరుగుతుంది. తీవ్రమైన చిగుళ్ల జబ్బుకు సర్జరీ చేయించుకున్న 40 మంది మీద మిషిగన్ యూనివర్సిటీలో ప్రయోగం చేశారు. 6 వారాలు ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో దవడ ఎముక మెరుగ్గా పెరిగిందని 2010లో ప్రకటించారు. షుగర్ ఎలుకల్లోనూ ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి.

అలాగని "ఆ ఇంజెక్షన్ రాయండి" అంటూ క్లినిక్‌కు వెళ్లొద్దు. షుగర్ పేషెంట్‌కు పన్ను పీకాక రొటీన్‌గా ఇచ్చే మందు కాదిది. ఎలుకల్లో తేలిన దాన్ని మనుషులకు వచ్చేసినట్టు థంబ్‌నెయిల్స్ పెట్టే వీడియోలు చాలానే తిరుగుతున్నాయి (మా ఫీల్డ్ వాళ్ల తప్పు కూడా ఇందులో ఉంది).

ఇక్కడే ఇంకో కన్ఫ్యూజన్. ఎముకల జబ్బుకే వాడే జోలెడ్రోనేట్, అలెండ్రోనేట్, డెనోసుమాబ్ లాంటి మందుల సంగతి వేరు. అవి వాడేవాళ్లలో కొద్దిమందికి పన్ను తీశాక దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. షుగర్, ఎముకల బలహీనత రెండూ ఉన్న అమ్మమ్మలు చాలామందే ఉంటారు. "ఏడాదికోసారి ఏదో సెలైన్ ఎక్కిస్తారు" అని తేలిగ్గా చెప్పే మందు అదే కావచ్చు. ఆ చీటీ డెంటిస్టుకు చూపించకుండా కుర్చీ ఎక్కొద్దు.

స్టెరాయిడ్లు కూడా హార్మోన్ల కోవలోవే. దవడ వాపుకు ఒక్కోసారి ఇచ్చే డెక్సామెథాసోన్‌తో షుగర్ పైకి లేస్తుంది. కీళ్ల నొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పాలి.

ఎక్కువమంది పొరపాటు చేసేది పీకించుకునే రోజు. ఇన్సులిన్ వేసుకుని పరగడుపున వెళ్లిపోతారు. చిగురుకు మత్తు సూది ఇచ్చి పన్ను తీయడానికి మామూలుగా పస్తు ఉండక్కర్లేదు. డాక్టర్ వేరేగా చెబితే తప్ప టిఫిన్ తినాలి, మందు వేసుకోవాలి, పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకుంటే మేలు. తర్వాత నమల్లేక అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం, చల్లార్చిన జావ పెట్టండి. స్ట్రాతో మాత్రం వద్దు, గడ్డ ఊడిపోతుంది. పొగ తాగినా అదే ముప్పు. నోటి మీద అనుమానంతో ఇన్సులిన్ డోసు సొంతంగా తగ్గించుకోవద్దు, మీ షుగర్ డాక్టర్‌ను అడగండి.

వాయిదా వేసినా షుగర్ ఆగదు. చీము పట్టిన పన్ను ఒంట్లో ఉన్నంతకాలం ఇన్ఫెక్షన్ వల్ల షుగర్ ఇంకా పెరుగుతుంది. షుగర్ పెరిగితే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

2021 గుర్తుందా? కోవిడ్, స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్ కలిసి బ్లాక్ ఫంగస్ తెచ్చాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ కేసులతో నిండిపోయింది. ఈ జబ్బు కొందరిలో ముందుగా పై దవడలోనే బయటపడుతుంది. పళ్లు కదలడం, పన్ను తీసిన గుంట మానకపోవడం లాంటివి కనిపిస్తాయి. ఇది అరుదే. కానీ షుగర్ ఉండి, పన్ను తీసిన చోట ఎముక బయటకు కనిపిస్తున్నా, అంగిలి నల్లబడినా, చెంప తిమ్మిరెక్కినా, కంటి చుట్టూ వాపు వచ్చినా అది "షుగర్ పుండు, నిదానంగా మానుతుందిలే" అనుకునే సందర్భం కాదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.