అవధానమును కొలుచు యంత్రము

తెలుగువారికి అవధానమన్న మాట క్రొత్తది కాదు. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది దారులకు లాగుచుండగా ఏ ఒక్కదానిని జారవిడువక నిలుచు విద్యకు మనవారా పేరు పెట్టిరి. మనస్తత్వశాస్త్రము తెలుగున బోధించువారును అదే మాటను గైకొనిరి. అయితే సభ మెచ్చు అవధానము వేరు, ప్రయోగశాల కొలుచు అవధానము వేరు. రెండవదాని లెక్క సెకనులో వెయ్యవ వంతులతో సాగును. ఆ లెక్క నేడు కంప్యూటరు చేతిలో నున్నది. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయవలసిన భారము మనస్సును గూర్చి చదువవచ్చిన విద్యార్థిపై బడినది. అది సాంకేతికుని పని, శాస్త్రజ్ఞునికేల యనువారు ఇప్పటికిని కలరు. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూడవలెను.

1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ పోస్నరు వివరించిన ప్రయోగమును తీసికొందము. కూర్చున్నవాడు తెర నడుమనున్న గుర్తునే చూచుచుండవలెను, కన్ను కదలరాదు. ముందుగా ఒక ప్రక్కను సూచించు గుర్తు కనబడును. పిదప ఆ ప్రక్కనో, రెండవ ప్రక్కనో ఒక వెలుగు మెరయును. మెరసినంతనే మీట నొక్కవలెను. సూచన నిజమైనచో చేయి త్వరగా కదలును, అబద్ధమైనచో ఆలస్యమగును. కన్ను కదలకయే మనస్సు ప్రక్కకు మరలినదనుటకు ఇదియే సాక్ష్యము. ఆ తేడా కొన్ని పదుల మిల్లీ సెకనులు మాత్రమే.

ఇక యంత్రము సంగతి. సాధారణమైన తెర సెకనుకు 60 మారులు బొమ్మను మార్చును. ఒక్కొక్క బొమ్మ సుమారు 16.7 మిల్లీ సెకనులు నిలుచును. గుర్తును 40 మిల్లీ సెకనులు చూపుమని వ్రాసినంత మాత్రమున తెర వినదు. అది చూపగలిగినది 33 గాని, 50 గాని. మీట నొక్కిన వార్త లోనికి చేరుటలో మరికొంత జాప్యము. జాప్యము ఎల్లప్పుడు ఒకే తీరున నున్నచో రెండు స్థితులను పోల్చునపుడు అది కొట్టివేయబడును. అట్లుగాక ఒక స్థితిలో పెద్ద చిత్రమును తెచ్చుటకు యంత్రము తడబడి, రెండవ స్థితిలో తడబడకున్నచో, ఆ తడబాటే మనిషి మనస్సులోని తేడాగా పట్టికకెక్కును.

మెదడు విషయము ఇంకను సున్నితము. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గరు 1924లో మానవుని తలనుండి విద్యుత్తరంగములను తొలిసారి నమోదుచేసి, 1929లో ప్రకటించెను. తలపై నుంచిన ఎలెక్ట్రోడులకు అందునది వోల్టులో పదిలక్షలవ వంతుల లెక్కలోనిది. ఒక్క మెరుపునకు మెదడిచ్చు జవాబు తక్కిన అలజడిలో మునిగిపోవును. కావున అదే మెరుపును పలుమారులు చూపి, ప్రతిసారి కాలపు గుర్తు వేయించి, ఆ తునకలను ఒకదానిపై నొకటి పేర్చి సగటు తీయుదురు. అరుదుగా వచ్చు గుర్తునకు సుమారు 300 మిల్లీ సెకనుల పిమ్మట లేచు ప్రసిద్ధ తరంగము, 1965లో సట్టన్ ప్రభృతులు వెల్లడించినది, ఇట్లే బయటపడును. కాలపు గుర్తు ఒకమారు ముందునకు, ఒకమారు వెనుకకు జరిగినచో ఆ శిఖరము చెరిగి చదునగును. అప్పుడు మెదడు స్పందింపలేదని వ్రాయుదురు, తప్పు ప్రోగ్రాముది.

ఇంతకన్న మోసకరమైనది వరుస. ఏ గుర్తు ఎప్పుడు వచ్చునో తెలియకుండ కలిపివేయుట ప్రయోగధర్మము. పెక్కు ప్రయోగశాలలలో వాడుకలోనున్న మాట్‌ల్యాబు తెరచిన ప్రతిసారియు యాదృచ్ఛిక సంఖ్యలను ఒకే చోటనుండి మొదలిడును. ఒక్క ఆజ్ఞ మరచినచో వచ్చిన ప్రతివానికి అదే వరుస దక్కవచ్చును. తెరపై దోషమేదియు కానరాదు. ఫలితములు చక్కగానే వచ్చును! ఆగిపోయిన ప్రోగ్రాము మేలు. అది తన తప్పును తానే చాటును.

తప్పుట విద్యార్థులకు మాత్రమే పరిమితము కాదు. 2016లో ఎక్లుండ్, నికొల్స్, నుట్సన్ అను శాస్త్రజ్ఞులు మెదడు చిత్రముల విశ్లేషణకు లోకమెల్ల వాడు ప్రోగ్రాములను, ఊరక విశ్రమించియున్న మనుష్యుల చిత్రములపై పరీక్షించిరి. నూటికి 5 మించరాని తప్పుడు జాడలు కొన్ని పద్ధతులలో 70 వరకు పోయినవి. గణితపు ఊహలు సరిపడకపోవుటయే దీనికి ముఖ్యకారణము. అయినను ఆ పరిశీలనలోనే ఒక ప్రోగ్రామున 15 ఏండ్లుగా దాగిన దోషమొకటి కూడ బయటపడినది.

సాధనములకు నేడు కొరత లేదు. నాటింగ్‌హాం విశ్వవిద్యాలయమున జొనాథన్ పియర్సు రూపొందించి 2007లో ప్రకటించిన సైకోపై ఉచితముగా లభించును. అందు ఆజ్ఞలు వ్రాయకయే అంశములను వరుసగా పేర్చి ప్రయోగమును కట్టవచ్చును. కృత్రిమ మేధ యన్ననో, కోరిన ప్రోగ్రామును నిమిషములో వ్రాసి యిచ్చుచున్నది. వ్రాత శ్రమ తగ్గినది, పరీక్షింపవలసిన శ్రమ తగ్గలేదు. చదువనేరనివాడు తనకు దక్కిన వరుస నిజముగా కలిసినదో లేదో చెప్పజాలడు.

మంచి ప్రయోగశాలలు తెర మూలన వెలుగును పసిగట్టు చిన్న పరికరమును అంటించి, చెప్పిన కాలమును, జరిగిన కాలమును సరిచూచుకొనును. అది లేని కళాశాలలో సెకనుకు 240 చిత్రములు తీయు చేతిఫోను చాలును. 50 మిల్లీ సెకనులని వ్రాసిన గుర్తు సుమారు 12 చిత్రములలో కనబడవలెను. 16 చిత్రములలో కనబడినచో తెర ఒక బొమ్మకాలము అదనముగా నిలిపినదన్నమాట.